ముహాంగా కొండ మీద ఒక పూట

కిగాలి నుంచి ముహాంగాకు యాభై కిలోమీటర్లు. అందులో ఒక్క ఫర్లాంగు కూడా రోడ్డు నేరుగా పోదు. కొండను చుట్టుకుంటూ దిగుతుంది, న్యాబరొంగో నది వంతెన దాటుతుంది, మళ్లీ ఇంకో కొండ ఎక్కుతుంది. నవంబరు వానలకు నది ఎర్రమట్టి కలుపుకొని చిక్కగా పారుతోంది. ఒడ్డున చెరుకు, వాలు మీద అరటి, చిక్కుడు, వాటి మధ్య రేకుల ఇళ్లు. రువాండాను వెయ్యి కొండల దేశం అంటారు. ఎవరు లెక్కపెట్టారో గానీ తక్కువే చెప్పారు.

కారు నడుపుతున్నది మా బావమరిది. కిగాలిలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతాడు. హైదరాబాదులో ఉన్నప్పుడు బండి ఎలా నడిపేవాడో నాకు తెలుసు. ఇక్కడ స్పీడోమీటరు ముల్లు అరవై దాటనివ్వడం లేదు. రోడ్డు పక్కన కెమెరాలున్నాయి. జనం వాటికి సోఫియా అని పేరు పెట్టుకున్నారు.

"సోఫియా చూసిందంటె అయిపాయె బావా. ఇంటికి పోకముందే ఫోన్‌ల చలానా పడ్తది" అన్నాడు. కాసేపాగి అసలు మాట బయటపెట్టాడు. "గొరిల్లాల కాడికి తోల్కపోత అంటె డ్రోన్లు చూస్త అంటివి. ఊర్లె చెప్తె నవ్వుతరు."

గొరిల్లాలు చూడ్డానికి పర్మిట్టు 1,500 డాలర్లని, డ్రోన్లయితే అనుమతి అడిగితే చాలని చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం వికారాబాద్‌లో ఉంది.

2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో 'మెడిసిన్ ఫ్రమ్ ద స్కై' మొదలుపెట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను. అప్పటి కేంద్ర విమానయాన మంత్రి జ్యోతిరాదిత్య సింధియా వచ్చారు, అప్పటి రాష్ట్ర మంత్రి కేటీఆర్ వచ్చారు. తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక, నీతి ఆయోగ్, అపోలో వారి హెల్త్‌నెట్ గ్లోబల్ కలిసి చేసిన పని అది. మందులు, టీకాలు పెట్టిన పెట్టెతో డ్రోన్ పైకి లేచింది. కంటికి ఆనని దూరం డ్రోన్ ఎగరడానికి మన దేశంలో అప్పటిదాకా అనుమతి దొరకడమే గగనం. కొత్త డ్రోన్ నియమాలు వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ఆగస్టు 25న వచ్చాయి. జనం చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ప్రయోగంగా మొదలుపెట్టారు, ప్రయోగంగానే ముగించారు. పెట్టెలు అనుకున్న చోటికి చేరాయి, కాబట్టి విఫలమైందనడానికి లేదు. అయితే ఆ రోజు అక్కడ మాట్లాడిన వాళ్లందరి నోటా ఒకటే పేరు వినబడింది: రువాండా. ప్రపంచ ఆర్థిక వేదిక అంతకుముందు డ్రోన్ నియమాల మీద పనిచేసిన దేశం అదే. మనకంటే అయిదేళ్ల ముందు, 2016 అక్టోబరులో, అక్కడ డ్రోన్లు రక్తం మోయడం మొదలుపెట్టాయి. నేను వెళ్లేసరికీ ఆగలేదు. అక్కడ ఆగకపోవడానికి కారణమేంటో చూడాలని అప్పుడే అనుకున్నాను. బావమరిదికి కిగాలిలో ఉద్యోగం రావడంతో దారి దొరికింది. నారాయణగూడలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, ఆ పసుపు కార్డు పాస్‌పోర్టులో పెట్టుకుని, ముంబై, ఆడిస్ అబాబా మీదుగా వచ్చిపడ్డాను.

ముహాంగా పాత పేరు గిటరామా. 1994 ఏప్రిల్‌లో నరమేధం మొదలైన కొద్ది రోజులకే అప్పటి తాత్కాలిక ప్రభుత్వం కిగాలి వదిలి ఇక్కడికి చేరింది. ఆ సంగతి దారిలో ఎవరూ ఎత్తరు, మనమూ అడగం. ఊరి పక్కనే కబ్గాయిలో ఎర్ర ఇటుకల పాత కథీడ్రల్ ఉంది. కారు దాని ముందు నుంచే పోయింది.

ఆ డ్రోన్లు నడిపే జిప్‌లైన్ కంపెనీ స్థావరం ఊరి బయట కొండ నెత్తి మీద ఉంది. విమానాశ్రయం అనుకుని వెళ్తే నిరాశే, రన్‌వే లేదు. కంచె, రెండు మూడు పొడుగాటి షెడ్లు, ఒక వాలు పట్టా, కాస్త అవతల రెండు ఎత్తైన స్తంభాలు, అంతే. కంచె బయట గడ్డి మీద పిల్లలు కూర్చున్నారు. మమ్మల్ని చూసి 'ఉముహిందీ' అన్నారు. ఇండియా వాడు అని. ఆ తర్వాత మా వైపు చూడలేదు, వాళ్ల కళ్లన్నీ పట్టా మీదే.

లోపల మాకు తోడిచ్చిన అమ్మాయి ముహాంగా జిల్లా పిల్లే. ఇంజనీరింగ్ చదివింది. అక్కడ పనిచేసే వాళ్లలో నాకు కనిపించిన అందరూ రువాండా వాళ్లే. మొదట ఫ్రిజ్జులున్న గది చూపించింది. ఎర్రరక్తకణాల సంచులు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు విడివిడిగా ఉన్నాయి. రక్తం కంపెనీది కాదు, ప్రభుత్వ రక్త సేకరణ విభాగం తెచ్చి ఇక్కడ నిల్వ పెడుతుంది. ఆసుపత్రి నుంచి ఫోనో, వాట్సాప్ సందేశమో వస్తుంది: ఫలానా గ్రూపు, ఇన్ని సంచులు, అర్జెంటు. ఎర్ర అట్టపెట్టెలో సంచులు సర్ది, దానికో కాగితపు పారాచూట్ కడతారు. పెట్టె బరువు పావు తక్కువ రెండు కిలోల లోపే ఉండాలి.

విమానం ముక్కలుగా వస్తుంది. మధ్య భాగాన్ని పట్టా మీద పెట్టి, రెక్కలు బిగించి, బ్యాటరీ దూరుస్తారు. రెక్క కొస నుంచి కొస దాకా మూడు మీటర్ల పైచిలుకు, మొత్తం బరువు ఇరవై కిలోలు. ఒళ్లంతా తేలికైన థర్మకోల్ సరుకు, లోపల కార్బన్ ఫైబర్. జీపీఎస్ పరికరాన్ని బ్యాటరీలోనే పెట్టారు. షెడ్డులో ఛార్జింగు పెట్టినప్పుడే అది ఉపగ్రహాలను పట్టుకుని ఉంటుంది కాబట్టి, బిగించాక సిగ్నల్ కోసం నిమిషాల తరబడి కాచుకోనక్కర్లేదు. ఇంత చిన్న సంగతి ఆలోచించిన వాడికి మనసులోనే దండం పెట్టాను. ఎగిరే ముందు ఒక కుర్రాడు మొబైల్ ఫోను పట్టుకుని చుట్టూ తిరిగాడు. రెక్కల అంచున కదిలే పలకలు ఒక్కొక్కటీ పైకీ కిందికీ కదిలాయి, ఫోన్ కెమెరా చూసి సరిగా కదిలాయో లేదో అదే తేల్చింది. మనిషి కన్ను పొరపడవచ్చని ఆ పని యంత్రానికే అప్పగించారు.

అందరూ పసుపు గీత వెనక్కి జరిగారు. పట్టా మీద నుంచి ఫట్‌మని విసిరినట్టు పోయింది. అర సెకను లోపే గంటకు వంద కిలోమీటర్ల వేగం. నేను ఫోన్ ఎత్తేలోపే అవతలి కొండ మీద తెల్లటి చుక్క. కంచె బయట పిల్లలు కేకలు వేశారు. రోజూ చూసే వాళ్లే, రోజూ వేస్తారట.

"ఇప్పుడు నడిపేది ఎవరు?" అని అడిగాను. వికారాబాద్‌లో అప్పుడు ప్రతి డ్రోన్‌కీ రిమోట్ పట్టుకున్న పైలట్ ఒకరు నిలబడి ఉండటం నాకు గుర్తు.

"ఎవరూ నడపరు" అందామె. దారి ముందే అందులో రాసి ఉంటుంది. కొండల ఎత్తు, ఏ లోయ మీదుగా పోవాలి, ఎక్కడ తిరగాలి, ఎక్కడ జారవిడవాలి అన్నీ అందులోనే ఉంటాయి. గాలి ఎదురైతే రెక్కను అదే సర్దుకుంటుంది. రెండు మోటార్లలో ఒకటి ఆగినా రెండోదానితో తిరిగి వస్తుంది. ఏదీ కుదరకపోతే పెద్ద పారాచూట్ విప్పుకుని మెల్లగా దిగుతుంది. గదిలో తెర ముందు కూర్చున్న మనిషి చేతిలో జాయ్‌స్టిక్ లేదు. అతను చూస్తుంటాడు, కిగాలి విమాన నియంత్రణ వాళ్లతో మాట్లాడుతుంటాడు, అవసరమైతే వెనక్కి రమ్మంటాడు. ఒక్కడే ఒకేసారి చాలా విమానాలను చూసుకోగలగడానికి కారణం ఇదే. స్థావరం చుట్టూ ఎనభై కిలోమీటర్ల దాకా వీటి పరిధి.

దిగడం ఇంకా చిత్రం. ఆ రెండు స్తంభాల మధ్య ఒక తీగ వేలాడుతుంటుంది. వచ్చే విమానం తోకకు మూడు సెంటీమీటర్ల కొక్కెం ఉంటుంది. విమానం స్తంభాల మధ్య దూరే క్షణంలో తీగ ఒక్కసారి పైకి లేచి కొక్కేన్ని అందుకుంటుంది. మా చిన్నప్పుడు బావిలో పడ్డ బిందెను పాతాళగరిగెతో పట్టేవాళ్లు. ఇక్కడ బిందే ఎగురుకుంటూ వచ్చి గరిగెకు తగులుకుంటోంది. అందకపోతే చుట్టు తిరిగి మళ్లీ వస్తుంది. మేమున్నప్పుడు ఒకటి అలాగే తిరిగి వచ్చింది. అక్కడి వాళ్లెవరూ తల ఎత్తి చూడలేదు.

మధ్యాహ్నం రుహాంగో వైపు వెళ్లాం. తారు రోడ్డు వదిలాక మట్టి దారి. పొద్దుటి వానకు చక్రాలు జారుతున్నాయి. బావమరిది సోఫియాను మరిచిపోయాడు. ఇరవై దాటితే గదా భయం. అక్కడి ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్‌తో ముందే మాట్లాడి ఉన్నాం. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. అతని ఇంగ్లీషులో ఫ్రెంచి యాస.

అతను చెప్పినదాన్ని బట్టి, మునుపు రక్తం కావాలంటే హుయెలోని ప్రాంతీయ రక్త కేంద్రానికి జీపు పంపేవారు. జీపు వేరే పని మీద పోయి ఉంటే అది వచ్చేదాకా ఆగాలి. వానాకాలం ఇక చెప్పనక్కర్లేదు. కాన్పయ్యాక రక్తస్రావం ఆగని తల్లికి గంటల లెక్క ఉండదు. అంత అవస్థ ఎందుకు, ఆసుపత్రిలోనే అన్ని గ్రూపులూ నిల్వ పెట్టుకోవచ్చు కదా అని నేను అడిగాను. అతను నవ్వాడు. ఎర్రరక్తకణాలు అయిదారు వారాలు, ప్లేట్‌లెట్లు అయిదు రోజులు. చిన్న ఆసుపత్రిలో ఓ నెగటివ్ రక్తం ఎప్పుడు అవసరమవుతుందో చెప్పలేం. ఎక్కువ పెట్టుకుంటే పాడవుతుంది, తక్కువ పెట్టుకుంటే ప్రాణం పోతుంది. అందరి నిల్వా ఒకచోట ఉంచి, అడిగిన వాళ్లకు అడిగినప్పుడు పంపగలిగితే రెండూ తప్పుతాయి.

డ్రోన్ అంటే మనం వేగమే చూస్తాం. ఈ రెండో లాభం ముహాంగా వెళ్లేదాకా నా బుర్రకు తట్టలేదు. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో 2022లో ఒక అధ్యయనం వచ్చింది. 2017 మార్చి నుంచి 2019 చివరిదాకా రువాండాలో డ్రోన్లు చేర్చిన 12,733 రక్తపు ఆర్డర్లను పరిశీలించారు. సగటున 49.6 నిమిషాల్లో చేరాయి. రోడ్డు మీద పట్టే అంచనా సమయం కంటే ఇది 79 నిమిషాలు తక్కువ. గడువు తీరి పారేసే రక్తం ఏడాది తిరిగేసరికి 67 శాతం తగ్గింది. నా లెక్కలో ఈ చివరి అంకే పెద్దది. దానం చేసిన వాడి రక్తం మోరీలో పోయడం లేదన్నమాట.

మాటల్లో ఉండగానే అతని ఫోన్‌కు సందేశం వచ్చింది. బయటికి నడిచాం. ఆవరణలో రెండు కార్లు నిలిపేంత గడ్డి జాగా. కొండ వెనక నుంచి తేనెటీగల మోత లాంటి చప్పుడు వినిపించింది, తర్వాత రెక్కలు కనిపించాయి. కిందికి వంగి, పెట్టెను వదిలి, ఆగకుండా తిరిగిపోయింది. ఎర్ర పెట్టె కాగితపు గొడుగు కింద ఊగుతూ గడ్డి మీద పడింది. అతను వెళ్లి తీసుకుని, కాగితం చింపి, సంచి మీది అంకె చూసి రిజిస్టరులో రాసి సంతకం పెట్టాడు. ఆ రిజిస్టరు నిండా అవే వరుసలు, పేజీ తర్వాత పేజీ. రక్తం ఎవరికని నేను అడగలేదు. అతను అప్పటికే వార్డు వైపు నడుస్తున్నాడు.

రాత్రి కిగాలిలో మా బావమరిది భార్య ఇసోంబె వండింది. కర్రపెండలం ఆకును దంచి వేరుశనగ పిండితో ఉడికించే కూర. పక్కింటావిడ నేర్పిందట, మనవాళ్ల చేయి పడి కారం ఎక్కువైంది. తింటూ కాగితాల సంగతి మాట్లాడుకున్నాం, ఎందుకంటే నేను వెతుక్కుంటూ వచ్చిన జవాబు విమానంలో లేదని అప్పటికి తేలిపోయింది.

ఒప్పందం ఇది. విమానాలు, స్థావరం, సిబ్బంది కంపెనీవి. రక్తం, ఆసుపత్రులు, అవసరం ప్రభుత్వానివి. ప్రభుత్వం డ్రోన్లు కొనలేదు, చేర్చిన ప్రతి పెట్టెకూ ఇంత అని చెల్లిస్తుంది. మొదట్లో టీకాల కూటమి గావి, యూపీఎస్ ఫౌండేషన్ చేయి వేశాయి. రువాండా విమానయాన నియంత్రణ సంస్థ ఊరికే అనుమతి ఇచ్చి ఊరుకోలేదు, 2018లో డ్రోన్ల కోసమే కొత్త నియమాలు రాసింది. పరికరం ఎలా ఉండాలని గీతలు గీయకుండా, ఇంత భద్రత చూపించు, ఎలా చూపిస్తావో నీ ఇష్టం అన్న పద్ధతి అది. 2018 డిసెంబరులో తూర్పున కయోంజాలో రెండో స్థావరం వచ్చింది. రక్తంతో మొదలై టీకాలు, మందులు, ఆఖరికి పందుల పెంపకందార్లకు వీర్యం దాకా వెళ్లింది. 2022 డిసెంబరులో ఒప్పందాన్ని 2029 దాకా, సుమారు 20 లక్షల డెలివరీల లెక్కతో పెంచారు. ఈ కంపెనీ అమెరికాది. కానీ సొంత దేశంలో ఆసుపత్రి సరుకు మోయడానికి దానికి 2020 మే దాకా వీలు పడలేదు. నేర్చుకున్నదంతా ఈ కొండల మీదే.

ఇదంతా విని రువాండాను నెత్తిన పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. దేశం విస్తీర్ణం 26,338 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో నాలుగో వంతు కూడా లేదు. 2024 జులై ఎన్నికల్లో అధ్యక్షుడు కగామెకు 99 శాతం పైగా ఓట్లు వచ్చాయి. అలాంటి చోట ఫైలు చకచకా కదలడంలో వింతేముంది? అదే కంపెనీ ఘనా వెళ్లినప్పుడు, 2018 చివర్లో, అక్కడి డాక్టర్ల సంఘమే అడ్డు చెప్పింది. అంబులెన్సులకు దిక్కు లేదు, డ్రోన్లెందుకని పార్లమెంటులో ఓటింగు దాకా వెళ్లింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. మన దగ్గర కూడా అడగాలి. ఒక విదేశీ కంపెనీ చేతిలో దేశంలో రక్తం కదిలే దారి పెట్టడం గురించీ అడగాలి. రేపు అది ధర పెంచితే? మూటాముల్లె సర్దుకుని పోతే? ముహాంగాలో నేనిది అడిగాను. "మా ఇంజనీర్లు నేర్చుకున్నారు కదా" అని ఆ అమ్మాయి జవాబిచ్చింది. నాకు సగమే తృప్తి.

మరి మన దగ్గర లేనిదేమిటి? బుర్రలు, పరీక్షా స్థలాలు ఉన్నాయి. కందిలోని ఐఐటీ హైదరాబాదులో మనిషి నడపని వాహనాల కోసమే కేంద్రం సొమ్ముతో కట్టిన తిహాన్ ప్రాంగణం 2022 జులైలో తెరుచుకుంది. హైదరాబాదులో డ్రోన్లు తయారుచేసే కుర్రాళ్లున్నారు. 2024 అక్టోబరు 29న బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్‌లతో సహా పదకొండు పెద్ద ఆసుపత్రుల్లో డ్రోన్ సేవలను ప్రధాని ఆరంభించారు. మహిళా సంఘాలకు పొలంలో మందు కొట్టే డ్రోన్లకు 80 శాతం దాకా రాయితీ ఇచ్చారు. మన ప్రభుత్వాలకు యంత్రం కొనిపెట్టడం బాగా వచ్చు. రిబ్బను కత్తిరించడానికి కూడా యంత్రమే వీలు. ముహాంగాలో ప్రభుత్వం కొన్నది సేవ.

ఆ పద్ధతి మనకు పరాయిది కూడా కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ అలాంటిదే. ప్రైవేటు సంస్థ నడిపింది, ప్రభుత్వం ఖర్చు భరించింది, రోడ్డు మీద పడ్డవాడికి కావలసింది ఫోన్ చేస్తే బండి రావడం. ఆ తర్వాత ఎన్నో రాష్ట్రాలు మనల్ని చూసి నేర్చుకున్నాయి. "అయితె వీళ్లు 108ని మొగులుకెక్కిచ్చిన్రన్నట్టు" అన్నాడు బావమరిది, రెండోసారి ఇసోంబె వడ్డించుకుంటూ. పాఠాలు చెప్పేవాడు, నాకంటే తొందరగా తేల్చాడు.

పాడేరు కొండల్లో, ఉట్నూరు అవతల, భద్రాచలం ఏజెన్సీలో వానాకాలం వస్తే గర్భిణులను ఇప్పటికీ డోలీ కట్టి మోస్తున్నారు. డ్రోన్ డోలీకి బదులు కాదు, రోడ్డు వేయాల్సిందే. కానీ ఆ డోలీ చేరే ఆసుపత్రిలో సరైన గ్రూపు రక్తం లేక మళ్లీ ఇంకో ఊరికి మోయించడం మాత్రం ఆపగలదు. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకూ నా విన్నపం ఒక్కటే. ఈసారి డ్రోన్ టెండరు పిలిచేటప్పుడు ఎన్ని డ్రోన్లు అన్న గడి తీసేయండి. ఏ రక్తనిధి నుంచి ఏ ఆసుపత్రికి, ఎన్ని నిమిషాల్లో, పెట్టెకు ఎంత, ఆ డబ్బు ఏ పద్దు నుంచి, కనీసం అయిదేళ్లు అన్నవి రాయండి. చేర్చిన పెట్టెకే బిల్లు కట్టండి, చేరని పెట్టెకు జరిమానా వేయండి. కంపెనీ మనదైతే మరీ మంచిది.